బాబాయి తలుపు మీది పలక

రెండేళ్ళ పాటు పొద్దున ఏడున్నరకి ఎదురింటి తలుపు మీది పలక తిప్పడం నా పని. పాల ప్యాకెట్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పలకని ఎర్రవైపు నుంచి తెల్లవైపుకి తిప్పి మా ఇంట్లోకి వచ్చేసేదాన్ని. ఇప్పుడు పొద్దుటి పని పోయి సాయంత్రం పని మిగిలింది. చీకటి పడేలోపు వెళ్ళి ఎర్రవైపుకి తిప్పి వస్తాను. ఎవరూ లేని ఇంటి మీద తెల్లపలక చూడలేను. తెల్లారి తలుపు తీసేసరికి అది తెల్లగానే ఉంటోంది.

ఆ ఇల్లు మా బాబాయిది. మా నాన్న పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. అప్పటినుంచి నన్ను పెంచింది ఆయనే. తను పెళ్ళి చేసుకోలేదు. పనిలో రోజుకి వెయ్యిమంది చుట్టాలు వచ్చిపోతారు, ఇంటికి పోయాక కూడా మనుషులేనా అనేవాడు. పెద్దాసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు లిఫ్టు నడిపాడు. గోడకి ఆనుకున్న స్టూలు, ఇత్తడి పిడి, అంకెల వరస, అదే ఆయన లోకం. ఎక్కినవాళ్ళ మొహం చూసి ఏ అంతస్తో చెప్పేవాడు. పురుళ్ళు రెండు, ఆపరేషన్లు నాలుగు. "ఆరో అంతస్తుకి పోయేవాళ్ళు అంకె చెప్పరమ్మా, నేనే నొక్కుతాను," అనేవాడు. ఆరులో ఏముందని నేనెప్పుడూ అడగలేదు.

నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. మిగిలినవన్నీ బాబాయి దగ్గరే నేర్చుకున్నాను. అందులో దారం చుట్టడం ఒకటి. పొట్లానికి కట్టిన దారాన్ని ఎప్పుడూ తెంపేవాడు కాదు. ముడి విప్పి, రెండు వేళ్ళ మీద ఎనిమిది అంకెలా చుట్టి, నడుముకి ఒక మెలిక వేసి మేకుకి తగిలించేవాడు. తెంపడానికి క్షణం పట్టదు, కలపడమే ఎవరి తరమూ కాదని సామెత చెప్పినట్టు చెప్పేవాడు.

ఆయన ఉద్యోగం అయిపోయాక మా ఎదుటి వాటా ఖాళీ అయితే ఆయన్ని తెచ్చి అందులో పెట్టుకున్నాం. మూడో అంతస్తు. ఈ భవనానికి లిఫ్టు లేదు. "ఊరందరినీ ఎక్కించినవాణ్ణి, నన్ను మెట్లెక్కిస్తున్నావటే," అని వచ్చిన రోజే దెప్పాడు. స్టూలు మాత్రం ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చుకున్నాడు. గోడకి వేసుకుని తలుపు వైపే మొహం పెట్టి కూర్చునేవాడు.

కార్పొరేషన్ వాళ్ళు ముసలివాళ్ళకి చేస్తున్న పనులు ఆ రోజుల్లోనే మా వీధికి వచ్చాయి. మెట్లకి రెండు వైపులా ఇనప కమ్మీలు వేశారు. మెట్ల మలుపుల్లో ఒక్కొక్క బల్ల బిగించారు. మెయిన్ రోడ్డు మీద మనుషులు దాటే లైటు ఎక్కువసేపు వెలిగేలా మార్చారు. అరవై దాటి ఒంటరిగా ఉన్నవాళ్ళ తలుపుకి ఈ పలక తగిలించారు. పడుకోబోయే ముందు ఎర్రవైపు, లేవగానే తెల్లవైపు. తొమ్మిదింటికి కార్పొరేషన్ ఆవిడ వచ్చి చూస్తుంది. తెల్లగా ఉంటే పుస్తకంలో క్షేమమని రాసుకుని వెళ్ళిపోతుంది. ఎర్రగా ఉంటే తలుపు కొడుతుంది, పలక్కపోతే తన దగ్గరున్న తాళం చెవితో తీసి లోపలికి వెళుతుంది. ఎవరి పలక వాళ్ళే తిప్పాలని కింద అచ్చు వేసి ఉంది. మంచి ఏర్పాటు. దాన్ని చెడగొట్టింది నేను.

బాబాయి ముప్పై నాలుగేళ్ళు నాలుగింటికి లేచినవాడు. ఇక పదింటిదాకా పడుకుంటానని ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి వారమంతా తొమ్మిదింటికి తలుపు చప్పుడు. కళ్ళు నులుముకుంటూ వెళ్ళి తీస్తే ఆవిడ మందులు వేసుకున్నారా, ఇవాళ ఏ వారం అని అడిగేది. ఈయన నిద్రకళ్ళతోనే "ఏ అంతస్తమ్మా?" అనేవాడు. ఆవిడకి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టాడు. తర్వాత నాతో, పాలకి వెళ్ళొచ్చేటప్పుడు నువ్వే ఆ పలక తిప్పెయ్యి తల్లీ, ఆవిడకీ సుఖం నాకూ సుఖం అన్నాడు. సరేనన్నాను. తిప్పేముందు ఒక్క క్షణం ఆగి గురక వినేదాన్ని. రంపం కోతలాంటి గురక. అది వినిపిస్తేనే తిప్పేదాన్ని.

ఆ రోజు ఆగలేదు. ఒక ప్యాకెట్టు చిల్లుపడి పాలు కారుతున్నాయి. తిప్పేసి పరిగెత్తాను.

మధ్యాహ్నం భోజనం గిన్నె పట్టుకుని వెళితే స్నానాలగది గడపకి అడ్డంగా పడి ఉన్నాడు. తెల్లవారుజామున పడి ఉంటాడని, ప్రాణం పోయింది పదింటి ప్రాంతంలోనని డాక్టరు చెప్పాడు. తొమ్మిదింటికి ఎవరైనా తలుపు తీసి ఉంటే, అని ఆగిపోయాడు. మిగతాది రోజూ నేనే పూర్తి చేసుకుంటున్నాను.

నాలుగో రోజున కార్పొరేషన్ ఆఫీసరు వచ్చి ఆ పొద్దున పలక ఎటువైపు ఉందని అడిగాడు. తెల్లవైపన్నాను. ఎవరు తిప్పారని అడగలేదు, నేను చెప్పలేదు. ఇన్‌స్పెక్టరమ్మ కూడా తెల్లగానే ఉందని చెప్పింది. తెల్లవారుజామున పడ్డవాడు పలకెలా తిప్పుతాడు, ఇద్దరూ మాట్లాడుకుని చెబుతున్నారన్నాడు ఆయన. ఆవిడ మెట్లెక్కకుండానే కింద నిలబడి రాసుకుందని తేల్చి, సోమవారం పదకొండింటికి ఇద్దర్నీ ఆఫీసుకి విచారణకి రమ్మన్నాడు.

పలక తనంత తాను తిరగడం ఆ మర్నాటి నుంచే మొదలైంది.

రెండు రోజులు చూసి మా ఆయనతో చెప్పాను. నువ్వే తిప్పుతున్నావేమో, రెండేళ్ళ చేతి అలవాటు ఊరికే పోతుందా అన్నారు. మూడో సాయంత్రం పలక మూలకీ తలుపు గడియకీ కుట్టుదారం కట్టి, రెండు ముళ్ళు వేశాను. పొద్దున చూస్తే పలక తెల్లగా ఉంది. దారం తెగలేదు. ముళ్ళు విప్పి ఉన్నాయి. దారం ఎనిమిది అంకెలా చుట్టి, నడుముకి మెలిక వేసి, పలక మేకుకే తగిలించి ఉంది.

అలా చుట్టడం ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు బాబాయి. రెండోదాన్ని నేను. ఈ రెంటిలో ఏది నిజమైతే ఎక్కువ భయపడాలో నాకు తెలియలేదు.

శనివారం మెట్ల మలుపులో బల్ల మీద ఇన్‌స్పెక్టరమ్మ కనిపించింది. చెప్పులు విప్పి మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది, అంతే. పుస్తకం తెరిచి చూపించింది. జాబితాలోంచి పేరు తీసెయ్యడానికి నెల పడుతుందట, అందాకా ఆ తలుపు కూడా చూసి రాయాల్సిందే. అందులో ఉన్నవి రెండే గళ్ళు. ఒకటి "క్షేమం", రెండోది "తలుపు కొట్టాను".

"తెల్లగా ఉంటోంది కదక్కా. ఏం రాయను? పోయినాయన రోజూ క్షేమం," అంది. నవ్వబోయి ఆగింది.

నేను పుస్తకం మూసి ఆమె చేతికిచ్చాను.

"నేను మెట్లెక్కానక్కా ఆ రోజు. ఇదే బల్ల మీద కూర్చుని లేచాను. నా కళ్ళతో చూశాను. ఇప్పుడేమో, చూశానో చూశాననుకున్నానో నాకే తెలియట్లేదు. సోమవారం ఆయన అడిగితే చూడలేదనే చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోయింది. ఈ ఆలోచన పోతే చాలు."

చెప్పులు వేసుకుని, కమ్మీ పట్టుకుని పైకి వెళ్ళింది. నేను ఆ బల్ల మీదే ఉండిపోయాను. బాబాయి చావుకి నేను కారణమా అన్న ప్రశ్న నాతోపాటు కాటికి వస్తుంది, దానికి జవాబు లేదు. ఈమె కళ్ళు ఈమెవి కాకుండా చేసింది మాత్రం నేనే. దానికి జవాబుంది.

ఆదివారం మా ఆయనతో, ఆ రోజు గురక వినకుండానే తిప్పానని, ఆఫీసరుకి ఆ మాట చెప్పలేదని, అంతా చెప్పాను. "మరి ఇన్నాళ్ళూ నోరు నొక్కుకుని కూర్చున్నావా," అన్నారు. తిట్టలేదు. రేపు ఆఫీసుకి నేనూ వస్తానన్నారు. సాయంత్రం వెళ్ళి పలకని ఎర్రవైపు తిప్పాను. దారం కట్టలేదు.

సోమవారం పాలకి వెళ్ళలేదు. ఏడున్నరకి తలుపు తీశాను.

పలక ఎర్రగా ఉంది.

ఇన్ని రోజుల్లో మొదటిసారి. ఎవరూ తిప్పలేదు. ఎవరో నాకోసమే వదిలేసినట్టు ఉంది. చేయి అలవాటుగా పలకదాకా వెళ్ళింది. వేళ్ళు దాని అంచుకి తగిలాయి, చల్లగా ఉంది. ముందుగా ఆగి విన్నాను. ఆ రోజు వినాల్సింది ఈ రోజు విన్నాను. లోపల ఏ చప్పుడూ లేదు.

నా దగ్గరున్న తాళం చెవితో తీసి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. స్టూలు గోడకి లేదు. తలుపుకి రెండడుగుల దూరంలో ఉంది, ఎక్కేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నట్టు. కిందటి వారం కిటికీలు తీయడానికి వచ్చినప్పుడు అక్కడ ఉందో లేదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి మానేశాను. దాని మీదే కూర్చున్నాను. ఇన్‌స్పెక్టరమ్మ కొట్టగానే తీయాలి. ఆఫీసులో చెప్పేముందు ఈ గడప దగ్గర ఆవిడకి చెప్పాలి: నువ్వు చూసింది నిజం, తిప్పింది నేను.

తొమ్మిది అవుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు. మలుపులో బల్ల దగ్గర ఆగింది. మళ్ళీ మొదలైంది. ఇప్పటికీ సమయం ఉంది. లేచి, తలుపు తీసి, చేయి బయటికి చాపితే చాలు, తెల్లవైపు వస్తుంది. ఆవిడ క్షేమమని రాసుకుని వెళ్ళిపోతుంది.

చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.