మార్పు లేదు

మా అన్నయ్య పోయిన రోజు పొద్దున ఏడింటికి, ఎప్పటిలాగే వంటింటి బల్ల ముందు కూర్చుని, కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటే ఎత్తి పెట్టెలోని తోలుపట్టీల్లో దూర్చుకున్నాడు. బొటనవేలు మొరాయించింది. "రావోయ్, పెద్దమనిషీ" అని దాన్ని బతిమాలాడు. నలభై నిమిషాలు వేళ్లను ముడవడానికీ చాపడానికీ ప్రయత్నించాడు. తర్వాత నోటుపుస్తకం దగ్గరకు లాక్కుని, ఒకటో తరగతి పిల్లాడి అక్షరాల్లో ఎడమచేత్తో రాశాడు: "47వ రోజు. 40 నిమిషాలు. నొప్పి లేదు. మార్పు లేదు." టీలో ఇంకాస్త చక్కెర వెయ్యమని వదినను అడిగాడు. ఆవిడ వెయ్యనంది. పదకొండున్నరకు వదిన చొక్కా గుండీలు పెడుతుంటే రెండోసారి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

అన్నయ్య ముప్పై ఒక్కేళ్లు ఒక పరిశోధనా సంస్థలో లేత్ మీద పనిచేశాడు. నాలుగంతస్తుల భవనం. పై అంతస్తులో క్వాంటం కంప్యూటర్ వాళ్లు, దాని కింద విత్తనాల వాళ్లు, ఆ కింద చెవుడు మీద పరిశోధన చేసేవాళ్లు. వెనకవైపు పునరావాస విభాగం. పక్షవాతం వచ్చినవాళ్ల కాళ్లూ చేతులూ మళ్లీ ఎలా కదిలించాలా అని అక్కడ పరీక్షలు చేసేవారు. ఎవరికి ఏ పరికరం కావాలన్నా కాగితం మీద బొమ్మ గీసుకుని నేలమాళిగలోని వర్క్‌షాపుకు దిగిరావలసిందే. "పైన ఎన్ని శాస్త్రాలున్నా మెట్లు దిగేసరికి అన్నీ మిల్లీమీటర్లేరా" అనేవాడు. అక్కడ ఆయన అసలు పేరు ఎవరికీ పట్టేది కాదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు తేడా ఉన్నా ముక్కను చెత్తబుట్టలో పారేస్తాడని అందరూ 'మైక్రాన్ గారు' అనేవారు.

పై అంతస్తు డాక్టరొకాయన ఒకసారి రాగిపళ్లెం బొమ్మ తెచ్చి, దాన్ని చుక్కల మధ్య ఉండే చలి కంటే ఎక్కువ చలిలో పెడతామనీ, దాని మీద కూర్చునే చిప్పు ఒకేసారి సున్నాగానూ ఒకటిగానూ ఉండగలదనీ అరగంట వివరించాడట. అన్నయ్య అంతా విని, "మా తమ్ముడూ అంతేనండీ. పెళ్లికి వస్తున్నావా అంటే వస్తాననీ అంటాడు, రాననీ అంటాడు. వాణ్ని అంత చలిలో పెట్టక్కర్లేదు" అన్నాడట. ఆ డాక్టరే నాకు చెప్పి నవ్వాడు.

జబ్బు పడడానికి రెండేళ్ల ముందు పునరావాస విభాగం వాళ్లు ఇరవై నాలుగు పెట్టెలు చేయించుకున్నారు. చచ్చుబడిన చేతిని అందులో పెట్టి వేళ్లు కదిలించాలి. పన్నెండు పెట్టెలు అసలువి, వాటిలో వేళ్లకు సాయంచేసే స్ప్రింగుల అమరిక ఉంటుంది. పన్నెండు డమ్మీలు. చూడ్డానికి అన్నీ ఒకటే. సగం మందికి అవి, సగం మందికి ఇవి ఇచ్చి, ఎవరి చెయ్యి ఎంత బాగుపడిందో చూస్తే, పెట్టె నిజంగా పనిచేస్తుందో లేదో తేలుతుంది. ఎవరికి ఏది వచ్చిందో రోగికి తెలియకూడదు, ఇచ్చేవాళ్లకూ తెలియకూడదు.

ఆ నెలల్లో అన్నయ్య భోజనానికి కూర్చున్నా పెట్టెల గొడవే. ఒక ఆదివారం నేను అన్నాను.

"డమ్మీకి కూడా ఇంత చాకిరీ ఎందుకన్నయ్యా? ఖాళీ డబ్బా ఇస్తే పోలా?"

"అచ్చుతప్పులు దిద్దుకునేవాడివి, నీకేం తెలుసురా! తూకంలో తేడా ఉన్నా, చప్పుడులో తేడా ఉన్నా అవతలి మనిషికి అనుమానం వస్తుంది. అనుమానం వస్తే మనసు పెట్టి చెయ్యడు. అప్పుడు చెయ్యి రాలేదంటే అది పెట్టె తప్పా, మనిషి తప్పా? ఎవడు చెప్పాలి? వాళ్ల కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు."

డమ్మీలలో సీసపు ముక్కలు పెట్టి, గ్రాము తేడా లేకుండా తూకం సరిచేశాడు.

తర్వాత పక్షవాతం ఆయనకే వచ్చింది. మాట పోలేదు, కాలు రెండు వారాల్లో తేరుకుంది. కుడిచెయ్యి మాత్రం మోచేతి కింద ఎవరిదో తెచ్చి అతికించినట్టు వేలాడింది. ఆసుపత్రి డాక్టరు దాచకుండా చెప్పాడు. "మొదటి మూడు నెలలూ తడి ఆరని సిమెంటు లాంటివి. వచ్చేదేదో అప్పుడే ఎక్కువ వస్తుంది. ఆ తర్వాత కష్టం." అన్నయ్యకు కావలసింది ఒక్కటే, ఆ చెయ్యి. అన్నం ఎడమచేత్తో తినొచ్చు, సంతకం ఎడమచేత్తో పెట్టొచ్చు, లేత్ మాత్రం ఎడమచేత్తో తిప్పలేడు.

మూడో వారంలో పునరావాస విభాగం నుంచి ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చింది. కొత్తగా చేరిన పిల్ల, మొహమాటంగా నిలబడింది. ఎనిమిది వారాల పరీక్షలో చేరతారా అని అడిగింది. "మీకు అసలు పెట్టె రావచ్చు, డమ్మీ రావచ్చు సార్. డమ్మీ వస్తే ఎనిమిది వారాలయ్యాక అసలుది ఇస్తాం." అప్పటికి మూడు నెలలూ దాదాపు అయిపోతాయని ఆ అమ్మాయికీ అన్నయ్యకీ నాకూ తెలుసు.

"కానీ సార్, ఇవి మీరే చేశారట కదా. మా మేడం అడగమన్నారు. చూస్తే ఏది ఏదో మీకు తెలిసిపోతుందా?"

"బయటికి అన్నీ ఒకటేనమ్మా. సీలు విప్పి లోపల చూస్తే తప్ప నాక్కూడా తెలీదు. నా పనితనం మీద నమ్మకం లేదా ఏంటి?"

ఆ అమ్మాయి నాలిక కరుచుకుంది. సంస్థలో ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. మైక్రాన్ గారు తేడా లేదంటే లేనట్టే. మర్నాడే పెట్టె ఇంటికి వచ్చింది.

నేను పై వాటాలో ఉంటాను, ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. రోజూ ఏడింటికి కిందికి దిగి, వాచీ పెట్టుకుని నలభై నిమిషాలూ లెక్కపెట్టడం నా పని. వదిన పొయ్యి దగ్గర నిలబడి, గరిటె తిప్పడం మానేసి ఆ వేళ్ల వంకే చూసేది. మొదటి వారం, "చిటికెన వేలు కదిలిందండీ, నేను చూశాను" అంది. "అది నువ్వు గరిటె కింద పడేస్తే ఉలిక్కిపడిందే" అన్నాడు అన్నయ్య.

రెండో వారం, మూడో వారం. పుస్తకంలో రోజూ అదే మాట. నాకు ఓపిక నశించింది.

"అన్నయ్యా, పెట్టె విప్పి చూద్దామా? సీలే కదా. నువ్వే వేసినట్టు మళ్లీ వేసెయ్యొచ్చు."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా."

"ఏ చేత్తో?"

అన్నయ్య పగలబడి నవ్వాడు. వదిన మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ముప్పయ్యో రోజు పై అంతస్తు డాక్టరు రాగిపళ్లెం పట్టుకుని వచ్చాడు. బయట చేయిస్తే సరిగ్గా కూర్చోలేదట, పని ఆగిపోయిందట. అన్నయ్య దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, కిటికీ వెలుగులో అంచు చూసి, "పాపం, తొందరపడ్డాడు" అన్నాడు, ఆ తెలియని పనివాడి గురించి. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఓ నాలుగైదు నెలలు ఆగగలరా బాబూ?"

డాక్టరు తల ఊపాడు గానీ ఆగలేడని ముఖంలోనే తెలిసింది. ఆయన వెళ్లాక నాకు ఒళ్లు మండింది. ఇంకో నాలుగు వారాల్లో చెయ్యి వచ్చెయ్యాలని మేమంతా ఆశపడుతుంటే, ఈయన నాలుగైదు నెలలంటాడేమిటి?

"నీకు మనసు లేదన్నయ్యా. ఊరికే పెట్టెలో చెయ్యి పెట్టుకుని కూర్చుంటున్నావు. నెల రోజుల నుంచి ఒకటే వాక్యం! నా దగ్గరికి ఇలాంటి ప్రూఫు వస్తే రచయిత నిద్రపోతున్నాడని రాసి తిప్పి పంపేస్తాను. వదిన మొహం చూసైనా కాస్త గట్టిగా ప్రయత్నించలేవా?"

ఆయన నా వంక చాలాసేపు చూశాడు. ఏదో అనబోయి ఆగాడనే ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం తప్పు ఒప్పుకున్నాడనుకున్నాను.

"సరే, వాచీ పెట్టు" అన్నాడు.

ఆ రోజు రెండోసారి నలభై నిమిషాలు చేశాడు. నుదుటి మీద చెమట కారి ముక్కు కొస దగ్గర ఆగింది. తుడుచుకోవడానికి ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది, అయినా తుడుచుకోలేదు, లయ తప్పుతుందని. నేను తుడవలేదు. అయ్యాక పుస్తకంలో రెండో పూట సంగతి కూడా రాశాడు. మళ్లీ దాన్ని కొట్టేసి, "రోజుకి ఒక్కసారే చెయ్యమన్నారు. ఇవాళ రెండుసార్లు చేశాను. నా పొరపాటు" అని రాశాడు. తర్వాత పదిహేడు రోజులూ ఒక్కసారే, ఒక్క నిమిషం తక్కువా ఎక్కువా లేకుండా చేశాడు.

పన్నెండో రోజు కార్యక్రమాలు అయ్యాక పెట్టే, పుస్తకమూ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఫిజియో అమ్మాయి పుస్తకం పేజీలు తిప్పుతూ ఏడ్చేసింది. "ఒక్క రోజు కూడా మానని పేషెంటు ఈయనొక్కరే అంకుల్" అంది. ఏ పెట్టో తనకూ తెలియదంది, అందరి వారాలూ పూర్తయ్యాకే తెలుస్తుందంది.

ఏడు నెలల తర్వాత ఫోన్ చేసి చెప్పింది. అసలు పెట్టెలు బాగానే పనిచేశాయి. అన్నయ్యకు వచ్చింది డమ్మీ.

వదినకు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు మెట్ల మీద కూర్చుని లేచాను. చివరికి చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపలేదు. "పోనీలే. ఆయనకు తెలీదు కదా. వస్తుందనే ఆశతోనే పోయారు" అంది. "అవును వదినా, ఆశతోనే పోయాడు" అన్నాను. ఆ తర్వాత మా ఇద్దరికీ ఆ మాటే ఊతమైంది. ఎవరైనా పరామర్శకు వస్తే ఆవిడ అదే చెప్పేది, నేను తల ఊపేవాణ్ని.

కిందటి నెల అన్నయ్య బీరువా ఖాళీ చేసి తీసుకెళ్లమని వర్క్‌షాపు నుంచి కబురొచ్చింది. ఆయన పక్క బల్ల మీద పనిచేసిన ఫిట్టరు సామాను సంచిలో సర్దుతూ, పరీక్షలో గురువుగారికి ఏ పెట్టె వచ్చిందండీ అని అడిగాడు. డమ్మీ అన్నాను. పాపం ఆయనకు చివరిదాకా తెలీదు, అదొక్కటే నయం అన్నాను.

అతను సర్దడం ఆపాడు.

"తెలీకపోవడమేంటండీ? చూస్తే ఎవరికీ తెలీదు, నిజమే. చెయ్యి పెడితే మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది ఆయనకి. పడిపోయిన వేలినైనా ఎడమచేత్తో సగం ముడిస్తే, మళ్లీ చాచుకోవడానికి సాయంగా అసలుది కొంచెం ఎదురు నెడుతుంది, డమ్మీ నెట్టదు. ఇక్కణ్ణుంచి పైకి పంపేముందు మొత్తం ఇరవై నాలుగూ తనే ఆడించి చూశారు. ఒక్కోటీ వందసార్లు, కుడిచేత్తోనే."