కోటిపల్లి రేవులో లేని ఇంజన్

ఏడో తరగతితో బడి మానేశాను గానీ కబుర్లు మానలేదు. దానివల్ల జరిగిన తప్పు ఇది.

రామచంద్రపురంలో రాజమండ్రి బస్సెక్కితే, పక్క సీట్లో ఒక పెద్దాయన పాత స్పోర్ట్స్ కారు ఫొటో పట్టుకుని కూర్చున్నారు. దానికి రెండే సీట్లు, టాపు లేదు.

"వానొస్తే గొడుగేసుకుని నడుపుతారాండి?" అన్నాను. వెనక సీటువాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వారు.

అది వాళ్ళ అన్నయ్య కారట. ఇంజన్ పగిలిపోయింది. ఆ కాలంనాటి, అదే రకం ఇంజన్ కోసం ఏడాదిగా తిరుగుతున్నారట.

"కొత్తది పెట్టించెయ్యొచ్చు కదండీ?"

"అన్నయ్యకి చూపు పోయిందండి. ఇప్పుడు ఆ కారంటే ఆయనకి శబ్దమే. వేరేది పెడితే పట్టేస్తాడు."

అక్కడితో ఊరుకోవలసింది. కానీ వెనకవాళ్ళు ఇంకా నావైపే చూస్తున్నారు. మా వైపు పాత కార్ల ఇంజన్లు తీసి పడవలకు బిగించడం మామూలే. "అచ్చం ఇలాంటిదే కోటిపల్లి రేవులో ఒక పడవకుందండి" అనేశాను.

ఆయన వెంటనే లేచి బస్సు ఆపించారు. "ఎవరు పంపారని చెప్పమంటారండి?" అని అడిగారు.

అబద్ధమని చెప్పడానికి నోరు రాలేదు. తోచిన పేరొకటి చెప్పాను. ఆయన నాకు దణ్ణం పెట్టి దిగిపోయారు. వెనకవాళ్ళు ఒకటే నవ్వు.

తర్వాత నేనే కోటిపల్లి వెళ్ళి పడవవాళ్ళని అడిగాను. ఎవరో పెద్దాయన వచ్చి, సాయంత్రం దాకా ప్రతి పడవ ఇంజనూ వంగి వంగి చూసి వెళ్ళారని చెప్పారు. నన్ను తిట్టుకుందామన్నా ఆయన దగ్గర నా అసలు పేరు లేదు.