పత్తికట్టె బొగ్గుతో అక్క ముఖం

మా అక్కకు ఫోటో లేదు. ఉన్నదల్లా పదో తరగతి గ్రూపు ఫోటో ఒకటి. అందులో రెండో వరసలో నిలబడి, సరిగ్గా కెమెరా నొక్కే వేళకి పక్కమ్మాయితో ఏదో చెప్పబోయి తల తిప్పింది. ముఖం ఉండాల్సిన చోట చిన్న పొగమరక మిగిలింది. సంబంధాలకు పంపడానికి పొదిలి స్టూడియోలో ఫోటో తీయిద్దామని అమ్మ చీర కూడా ఎంచి పెట్టింది. ఆ నెలలోనే కామెర్లు ముదిరి అక్క పోయింది. అప్పటికి అక్కకు పంతొమ్మిదేళ్లు, నాకు పదమూడు.

అయిదేళ్లు గడిచాక, తొంభైల చివర్లో, అమ్మా నేనూ కల్లంలో కూర్చుని ఎండు మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్నాం. అమ్మ ఉన్నట్టుండి చేతులు ఆపేసింది. "దాని ముఖం సరిగ్గా గుర్తు రావట్లేదే" అంది. ఆ మాట అన్నందుకు తనే భయపడ్డట్టు వెంటనే మళ్లీ కాయలు ఏరడం మొదలుపెట్టింది.

మరుసటి వారం ఆ గ్రూపు ఫోటో పట్టుకుని పొదిలి వెళ్లాను. బస్టాండు దగ్గర ఒక సాయిబుగారు దుకాణాలకు బోర్డులు రాసేవారు. పోయినవాళ్ల చిన్న ఫోటోలు చూసి బొగ్గుతో పెద్ద బొమ్మలు గీసి ఇవ్వడంలో ఆయనకు చుట్టుపక్కల మంచి పేరుండేది. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూసి ఫోటో నా చేతికిచ్చేశారు.

"ఇందులో ముఖం లేదమ్మా. గీయమంటే ఎవరో ఒకరిని గీసిస్తాను. మీ అమ్మ దానికి దండేసి మొక్కుకుంటే నేను తట్టుకోలేను."

నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన కుంచె కడుక్కుంటూ, "మీ అక్కను చూసింది నువ్వు. నేను చూడలేదు. చెయ్యి తిప్పడం నేర్పుతాను, గీయడం నువ్వే గీసుకో" అన్నారు.

అలా రెండేళ్లు ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్లాను. నేను ఆయన్ని మాస్టారూ అనేదాన్ని. బొగ్గు ఎక్కడా కొనేవాళ్లం కాదు. పత్తి తీసేశాక చేలో మిగిలే కట్టెను వేలెడు ముక్కలుగా కోసి, డాల్డా డబ్బాలో కూరి, మూతకు మేకుతో చిన్న బెజ్జం చేసి పొయ్యిలో పెట్టేవాళ్లం. బెజ్జంలోంచి పొగ రావడం ఆగితే బొగ్గు అయినట్టే. తేలిగ్గా, నల్లగా, కాగితం మీద ఊపిరి తగిలినా చెదిరేలా ఉండేది. నీడలు మెత్తబరచడానికి దూది, వెలుగు రావాల్సిన చోట తుడవడానికి రొట్టె ముక్క. ముక్కూ చెవులూ ఎలా గీయాలని అడిగితే విసుక్కునేవారు. మనిషికి కోపమొస్తే ఏ కండ బిగుస్తుందో, నవ్వు ఆపుకుంటే పెదవి ఎటు లాగుతుందో చూసి రమ్మనేవారు. వాళ్లింటికి ఒకసారి భోజనానికి పిలిచారు. లోపల గోడల మీద ఒక్క ముఖం బొమ్మా లేదు. ఇంట్లో ముఖాలు పెట్టుకోకూడదని ఆయన తల్లి నమ్మకమట. ఆవిడ పోయాక కూడా ఆయన దాన్ని మీరలేదు. తల్లి బొమ్మ ఎప్పుడైనా గీశారా అని అడిగాను. తల అడ్డంగా ఊపి, నా కంచంలో ఇంకో గరిటె కూర వేశారు.

మిరపకోతకు వచ్చే ఆడవాళ్లను గీశాను. నాన్నను గీశాను. చివరికి అక్క దగ్గరికి వచ్చాను. అక్కకు చిన్నప్పుడు బావి గట్టు మీద పడి కనుబొమ దగ్గర గాటు పడింది. అక్కడ వెంట్రుకలు మొలవక కనుబొమ రెండు ముక్కలైనట్టు ఉండేది. అది ఏ వైపో నాకు తెలియలేదు. కుడి వైపన్నాడు నాన్న. కాదు ఎడమ వైపంది అమ్మ. ఇద్దరికీ మాట పెరిగింది. నాన్న లేచి చేలోకి వెళ్లిపోయాడు. అమ్మ గుమ్మంలో కూలబడి, కన్న తల్లినై ఉండి ఇది కూడా చెప్పలేకపోతున్నానని ఏడ్చింది.

ఆ సాయంత్రం అమ్మ ముఖం కడుక్కుని వచ్చి నన్ను తన ఎదురుగా కింద కూర్చోమంది. కళ్లు మూసుకుంది. అక్కకు బొట్టు పెట్టేటప్పటిలా నా గడ్డం ఎడమ చేత్తో పట్టుకుంది. కుడిచేతి ఉంగరపు వేలు నా నుదుటి మధ్య ఆనించి, అక్కణ్ణుంచి బొటనవేలితో కనుబొమ సవరించింది. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడే" అంది కళ్లు తెరవకుండా. "రోజూ ఇక్కడ కాటుక కాస్త దిద్దేదాన్ని, గాటు కనపడకుండా."

అది నా ఎడమ కనుబొమ.

ఆ వారమంతా గీశాను. బొమ్మ పూర్తయ్యాక అమ్మ ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. "కళ్లు దానివే. నోరు మాత్రం నీది" అంది. నోరు మారుస్తానన్నాను. వద్దంది. గోడకు కట్టనివ్వలేదు, దండ వేయనివ్వలేదు. పాత పంచెలో చుట్టి ట్రంకుపెట్టెలో చీరల మధ్య పెట్టుకుంది.

తర్వాత పెళ్లయి తాడేపల్లి వచ్చేశాను. పొదిలిలో ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. ఎంత చిన్న ఫోటో అయినా గంటలో గోడంత చేసిస్తున్నారు. ఒకసారి మాస్టారిని చూద్దామని వెళ్తే అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. ఆయన గుంటూరు వెళ్లి కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల మీద నంబర్లు రాస్తున్నారని పక్క టీ కొట్టాయన చెప్పాడు. వెతుక్కుంటూ వెళ్లాలనుకున్నాను. ఎందుకో వెళ్లలేదు. 

ఒక వేసవిలో ఊరికి వెళ్తే అమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. బొమ్మలో అక్క ఎడమ చెంప పూర్తిగా చెరిగిపోయి తెల్లగా ఉంది. ఎవరు చెరిపారని అడగక్కర్లేదు. అమ్మ వేళ్ల కొసలు ఎన్ని మధ్యాహ్నాలు అక్కడ తిరిగి ఉంటాయో.

"మళ్లీ గీసి పెట్టమ్మాయ్" అంది.

కాగితం ముందేసుకుని కూర్చున్నాను. కళ్లు మూసుకుని అక్కను తలుచుకున్నాను. అక్క రాలేదు. నేను గీసిన బొమ్మే వచ్చింది, నా నోటితో సహా. ఎంత వెనక్కి వెళ్లినా ఆ బొమ్మే అడ్డం నిలబడింది. అసలు అక్కను దాని కిందే ఎక్కడో పోగొట్టుకున్నానని అప్పుడు తెలిసింది. అమ్మకు ఆ మాట చెప్పలేక, అక్క ఎలా నడిచేదో చెప్పమన్నాను. నవ్వితే ఎలా ఉండేదో, ఎవరిని వెక్కిరించేదో చెప్పమన్నాను. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి ఉప్పుచేప ముక్క నోట్లో వేసుకుని మళ్లీ పరుగెత్తే అక్క గురించి, మామీద అలిగి కల్లంలో గోనెపట్టా కప్పుకుని పడుకున్న అక్క గురించి చెప్పింది. నేను బొగ్గు పక్కన పెట్టి వింటూ ఉండిపోయాను. కాగితం మీద ఒక్క గీత కూడా పడలేదు.