ఎనిమిది పళ్ల ల్యాప్‌టాప్

డిగ్రీ అయ్యాక నాకు ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం ఒకటి దొరికింది. బిల్లులు చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని. ల్యాప్‌టాప్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలన్నారు. మాది బేస్తవారిపేట దగ్గర పల్లె. నాయనకు గొర్రెలున్నాయి. వాటిని మేపడం, అమ్మడం తప్ప ఆయనకు వేరే లోకం లేదు. "మార్కాపురం పోయి మంచిది చూసి తెచ్చుకుందాం పా" అన్నాడు, పొట్టేలును తోలుకొచ్చినంత తేలిగ్గా.

నిజం చెప్పాలంటే నాకు ల్యాప్‌టాప్ కావలసింది ఉద్యోగం కోసమే కాదు. మార్కాపురంలో చదివేటప్పుడు మేం నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇప్పుడు ఒకతి గిద్దలూరులో, ఒకతి పొదిలిలో, ఇంకొకతి పెళ్లయి త్రిపురాంతకంలో అత్తగారింట్లో. నలుగురం కలుసుకునే చోటు ఒక్కటే మిగిలింది, ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట. త్రిపురాంతకం పిల్ల వాళ్ల అత్తగారు మధ్యాహ్నం కునుకు తీయగానే అందరం ఆటలోకి దిగేవాళ్లం. శత్రువులను కాల్చింది తక్కువ, ఏ గోడ వెనకో దాక్కుని కబుర్లు చెప్పుకున్నది ఎక్కువ. ఆ ఆట కొత్తగా మారాక నా పాత ఫోన్‌లో తెరుచుకోవడం మానేసింది. మిగతా ముగ్గురూ ఆడుకుంటున్నారు.

ఫోన్ చేసి మాట్లాడొచ్చుగా అంటారేమో. ఒక్కొక్కరికీ చేశాను. బాగున్నావా అంటే బాగున్నా అనుకున్నాం. ఆపైన ఇద్దరికీ ఏమీ తోచలేదు. చేతిలో తుపాకీ లేకపోతే మాకు మాటలు రావని అప్పుడు తెలిసింది. దిగులేసింది. ఆ ఆట ల్యాప్‌టాప్‌లోనూ ఆడొచ్చని పొదిలి పిల్ల చెప్పినప్పటి నుంచి నా ప్రాణమంతా దాని మీదే ఉంది.

ఏది కొనాలో తెలుసుకుందామని వీడియోల ముందు కూర్చున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టయింది నా పని. లోపల మెదడులా పనిచేసే ప్రాసెసర్ ఐ త్రీ అయితే కళ్లు మూసుకుని కొనమన్నాడు ఒకడు. రైజెన్ త్రీ ఉండగా అదెందుకన్నాడు ఇంకొకడు. మూడోవాడు వచ్చి, అంకె కొత్తదయినా లోపలి సరుకు పాతదయి ఉండొచ్చు, జాగ్రత్త అన్నాడు. ఐ త్రీ అని పేరున్నవన్నీ ఒకటి కావట, వెనకాల ఉండే అక్షరాన్ని బట్టి గుణం మారుతుందట. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడు. నాకు పట్టరాని కోపం వచ్చి ఫోన్ మంచం మీదికి విసిరేశాను. ఆ పూట అన్నం కూడా సయించలేదు.

మార్కాపురం షాపులో అతను నాలుగు ల్యాప్‌టాప్‌లు వరసగా పెట్టాడు. "చూడు చిన్నాయనా, అన్నీ తక్కువ రేటులోవే. లోపల పనిచేసే ముక్కలను కోర్లు అంటారు. దీంట్లో రెండు, ఈ రైజెన్‌లో నాలుగు, ఈ ఐ త్రీలో ఆరు, ఈ ఐ త్రీలో ఎనిమిది" అన్నాడు.

అంతవరకూ బిక్కముఖం వేసుకుని నిలబడ్డ నాయన కళ్లు ఒక్కసారిగా వెలిగాయి. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. ఆ లెక్క ఆయనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన లెక్క. సంతలో గొర్రె కింది పెదవి లాగి పళ్లు చూసి వయసు చెప్తాడు. పాలపళ్లు ఊడి రెండు పెద్ద పళ్లు వచ్చాయంటే మంచి వయసు. ఎనిమిదీ వచ్చాయంటే ముదిరినట్టే.

"ఎనిమిదిది మాకొద్దబ్బా. ముదురుది అంటగట్టేదానికి చూస్తాండావు" అన్నాడు.

షాపతను నోరు తెరిచి నా వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "నాయనా, ఇవి పళ్లు కాదు. ఇక్కడ ఎక్కువుంటేనే మేలు" అన్నాను పళ్లు కొరుకుతూ.

"అట్లయితే ఆరు కంటే ఎనిమిదే మేలా?"

అవునని చెప్పబోయి ఆగిపోయాను. ఎనిమిదిలో అన్నీ చిన్న కోర్లే, ఆరులో రెండు పెద్దవి ఉంటాయి కాబట్టి ఆరే మేలని ఒక వీడియోలో విన్నాను. కాదని మరొక వీడియోలోనూ విన్నాను. "ఏమో" అన్నాను.

"నీకే తెలీకపోతే నాకెట్ల తెలుస్తాది?"

షాపతను మధ్యలో కలగజేసుకున్నాడు. "బిల్లుల పనికయితే ఏదైనా జరిగిపోతాది అమ్మా. ఆటలకయితేనే తేడా. ఆటలేమన్నా ఆడతావా?"

పక్కన నాయన ఉన్నాడు. కూతురి ఉద్యోగం కోసమని మంద వదిలిపెట్టి వచ్చిన మనిషి. తుపాకుల ఆట కోసమని ఆయన ముందు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? "లేదన్నా" అన్నాను.  ఇక ఆ ముగ్గురు స్నేహితురాళ్లూ చేజారిపోయినట్టే అనుకున్నాను.

"అయితే ఇది చాలు" అని అతను రైజెన్‌ను ముందుకు జరిపాడు.

"ఉండబ్బా" అన్నాడు నాయన. "ఆడుకునేదానికి ఏది పనికొస్తాదో అది చెప్పు."

"ఆయమ్మ ఆడనంటాంది గదా చిన్నాయనా."

"ఆడతాది. మధ్యాన్నమయితే ఫోన్ పట్టుకోని, గోడ ఎనక నక్కినాడు, కాల్చు కాల్చు అని అరిసేది. మళ్లా ఒకటే నవ్వు. నేను వసారాలో పండుకోని అంతా ఇంటా ఉంటి."

షాపతను ఆరు కోర్లదాని మీద చెయ్యి వేసి, ఆటలకు ఇదే నయమన్నాడు. నాయన దానికేసి చూడలేదు. నా వైపూ చూడలేదు. తలపాగా గుడ్డ తీసి మెడ తుడుచుకుంటున్నాడు.

"ఈ మధ్య ఆ నవ్వు ఇనపడల్యా. ఆ పిల్లోల్లతో పోట్లాడినావేమో అనుకుంటి. అడిగితే మీద పడతావని అడగల్యా."

నాకు ఏడుపు వచ్చింది. ఇంత కనిపెట్టి కూడా ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదని కోపం కూడా వచ్చింది. 

"పోట్లాడల్యా నాయనా. ఆ ఫోన్‌లో ఆట రావడంల్యా, అంతే" అన్నాను ఎలాగో.

"పోట్లాడల్యా?"

"ల్యా."

"అయితే ఆ ఆట వచ్చేది ఏదో ఒకటి తీసుకో పా" అన్నాడు నాయన.