పలకని పన్ను

నా చిన్నప్పుడు నా పండ్ల గురించి నాతో తప్ప ఇంట్లో అందరూ మాట్లాడేవారు. పైపండ్లు పెదవి దాటి బయటికొచ్చి ఉండేవి. హిందూపురంలో మాతోనే ఉండే, ఆడపిల్లల బడి టీచరైన మా చిన్నమ్మ పట్టుబట్టి నన్ను బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్లి, వాటికి తీగ కట్టించింది. నాయన పోయాక మా ఇంట్లో పెద్దనాయన మాటే చెల్లేది. దేవుడిచ్చిన నోటిని తీగలతో వంచేదేమిటని ఆయన మండిపడ్డాడు. అయినా నెలనెలా నేనూ చిన్నమ్మా రైలెక్కి, తీగ బిగించుకుని వస్తూనే ఉన్నాం. అప్పటికి నాకు పదమూడేళ్లు.

ఒకసారి బడివాళ్లు పెనుకొండ కోట చూపించడానికి తీసుకెళ్లారు. దిగేటప్పుడు మెట్ల మీద బోర్లా పడ్డాను. ముందుపన్ను ఒకటి రాతికి కొట్టుకుంది. విరగలేదు, కదల్లేదు. రెండు రోజులు నొప్పిపెట్టి తగ్గిపోయింది. పెద్దనాయన మాత్రం నన్ను బజారులో కట్టుడుపండ్లు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన సోడా అంగడి నుంచి మంచుముక్క తెప్పించి ఆ పన్నుకు ఆనించాడు.

"తెలుస్తాందా పాపా?"

నాకేమీ తెలియలేదు. తల అడ్డంగా ఊపాను.

"ఇది సచ్చిపోయిండాదప్పా. పీకేస్తే సరి," అన్నాడాయన. సోమవారం పన్ను పీకించి, పనిలో పనిగా తీగ కూడా తీయించేద్దామని పెద్దనాయన తేల్చేశాడు.

ఆ శనివారమే చిన్నమ్మ ఎవరికీ చెప్పకుండా నన్ను బెంగళూరు రైలెక్కించింది.

అక్కడి డాక్టరమ్మ కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేది. జరిగిందంతా విని, నన్ను కండ్లు మూసుకోమని, మంచుపుల్ల ఒకటి పన్నుకు ఆనించింది. తెలియలేదంటే ఈమె కూడా పీకేస్తుందేమోనని నా భయం. "జివ్వుమంటాంది," అన్నాను. మళ్లీ ఆనించింది. "ఇప్పుడింకా ఎక్కువ జివ్వుమంటాంది," అన్నాను. కండ్లు తెరవమంది. ఆమె చేతిలో ఉన్నది మంచు కాదు, పొడి దూది చుట్టిన పుల్ల. సిగ్గుతో చిన్నమ్మ వైపు చూడలేకపోయాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. "సుళ్లు చెప్పొద్దు పాపా," అంది. సుళ్లంటే కన్నడంలో అబద్ధం. "నీ పన్నుకు ఏం తెలుస్తాందో నీకు తప్ప ఇంకెవరికీ తెలీదు. నువ్వే సుళ్లు చెబితే నేను గుడ్డిదాన్ని అయిపోతాను."

మళ్లీ మంచు పెట్టింది. తెలియడం లేదని ఏడుస్తూ చెప్పాను. అప్పుడామె దెబ్బ తగలని పక్కపండ్లకూ పెట్టింది. తీగ కట్టిన వాటిలో మరో రెండు కూడా పలకలేదు! తీగ లేని కిందిపన్నుకు తాకించేసరికి కుర్చీలో ఎగిరిపడ్డాను. తీగ లాగుతూ ఉన్నప్పుడు బతికున్న పన్ను కూడా కొన్నాళ్లు చల్లదనానికి పలకకపోవచ్చని, ఒక్క మంచుముక్కను నమ్మి చచ్చిందని చెప్పకూడదని ఆమె వివరించింది. పన్ను తట్టి చూసింది, చిగుళ్లు చూసింది, ఎక్స్‌రే తీయించింది. తీగ వదులు చేసి, నెలనెలా పరీక్షిద్దామంది. ఒకవేళ లోపలి నరం చచ్చినా, దాన్ని శుభ్రం చేసి పన్ను నిలపవచ్చునంది.

సోమవారం చిన్నమ్మ బడికి పోగానే పెద్దనాయన నా చేయి పట్టుకుని బజారుకు నడిపించాడు. బెంగళూరులో ఏం చెప్పారో వినిపించుకోలేదు. మళ్లీ అదే మంచుముక్క, అదే ప్రశ్న. తెలుస్తాందని ఒక్క మాట అంటే గండం గడిచిపోయేది. నా నోటిదాకా వచ్చింది కూడా.

"తెలీడంలే," అన్నాను.

కట్టుడుపండ్లాయన పట్టకారు అందుకున్నాడు. నేను కుర్చీలోంచి దూకి నిలబడ్డాను.

"తెలీడంలే. అయినా పీకనీను. పన్ను నాది."

"ఎవురు నేర్పిచ్చినారే నీకీ మాటలు?" పెద్దనాయన చేయెత్తాడు.

"కొడితే కొట్టు పెద్దనాయనా. నోరు మాత్రం తెరవను," అని పండ్లు బిగించాను. ఆయనకు అంతవరకూ మా ఇంట్లో పిల్లలెవరూ ఎదురు చెప్పలేదు. ఎత్తిన చేయి దించి, వెనక్కి తిరిగి చూడకుండా ఒక్కడే ఇంటికి వెళ్లిపోయాడు. ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు.

ఆ ఏడాదంతా పన్ను కూడా పలకలేదు. డాక్టరమ్మ అడిగిన ప్రతిసారీ తెలియడం లేదనే చెప్పాను. ఒక్కోసారి పెద్దనాయన మాటే నిజమేమోనని గుండె జారిపోయేది. తీగ తీసేసిన కొన్ని నెలలకు, ఒక మధ్యాహ్నం ఆమె మంచుపుల్ల తాకించగానే "అబ్బా!" అని అరిచాను. డాక్టరమ్మ, చిన్నమ్మ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. నేను మాత్రం వెక్కివెక్కి ఏడ్చాను. పెద్దనాయన తన తప్పని ఎన్నడూ ఒప్పుకోలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి ఈనాటికీ జంకను. తెలియదన్నాను కదా అని నా సంగతి ఇంకొకరు తేల్చేయబోతే మాత్రం, ఎంత పెద్దవాళ్లయినా సరే, ఊరుకోను.