సుగుణకు దక్కని పీట

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతున్నాను. మధ్యలో ఫోన్ చూశాను.

సుగుణ తమ్ముడు యాదగిరి వాట్సాప్ స్టేటస్.

మా సుగుణ యూనిఫాంలో ఉన్న ఫోటో. కింద "మిస్ యూ అక్కా. మా ఇంటి గౌరవం నువ్వే" అని.

షట్టర్ సగంలోనే వదిలేసి మెట్టు మీద కూలబడ్డాను.

నా సుగుణ పోయింది.

నార్కట్‌పల్లిలో కిరాయి గదిలో, నిద్రలోనే గుండె ఆగిందట. ఎంతసేపటికీ తలుపు తీయకపోతే ఇంటి ఓనరమ్మ చూసిందట. మొన్ననే సుగుణ ఫోన్లో నన్ను తిట్టింది, సేమ్యా పాయసం పంపలేదని.

నిజం చెబుతున్నా, ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ ఫోటో వాళ్ల గోడ మీద ఒక్కనాడూ లేదు.

తెలియనివాళ్లకు చెబుతాను.

సుగుణది మా రామన్నపేటే. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. నేను మా నాయన గాజుల దుకాణంలో కూర్చున్నాను. ఆమె విమానం ఎక్కింది. ఎయిర్ హోస్టెస్. రిటైర్ అయ్యేదాకా అదే డ్యూటీ.

వాళ్ల బాపు ఆమె చిన్నప్పుడే పోయాడు. తమ్ముడు యాదగిరిని, చెల్లె విజయను సాకింది సుగుణే.

మంచి సంబంధాలు వచ్చాయి ఆమెకు. వచ్చినప్పుడల్లా ఇంట్లో అమ్మతో సహా అందరిదీ ఒకటే మాట. "ముందు విజయ లగ్గం గానియ్ బిడ్డా." తర్వాత "యాదగిరి జర నిలదొక్కుకోనియ్."

వాళ్లిద్దరి పెళ్లిళ్లూ అయ్యాయి. సుగుణ పెళ్లి ఎవరికీ యాదికి రాలేదు.

ఫారిన్ సబ్బులు, చాక్లెట్లు, సెంటు సీసాలు మాత్రం అందరికీ యాదికి ఉండేవి. ఆమె స్టాఫ్ టికెట్ల మీద కాశీ కూడా చూసొచ్చారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో రిటైరై ఊరికి వచ్చింది. తమ్ముడింట్లో పై గదిలో దిగింది.

"ఇగ ఏడికి పోనే రజియా. పుట్టింట్లనే ఉంట" అంది. ఎంత సంబరమో దాని ముఖంలో.

అలవాట్లు మాత్రం పోలేదు. కొత్తిమీర కొనడానికి కూడా ఇస్త్రీ చీర, బిగించిన ముడి, లిప్‌స్టిక్. నిశ్శబ్దంగా ఉంటే నిద్ర పట్టేది కాదు. "ఇంజన్ సప్పుడు లేకుంటే చెవులు గుయ్యిమంటయే" అనేది. ఎక్కడ బెల్ మోగినా, ఎవరి ఇల్లైనా సరే, ముందు లేచేది ఆమే.

ఒకసారి మొక్కుందంటే తోడుగా నేనూ యాదగిరిగుట్ట బస్సెక్కాను. నడిచే దారి నిండా సంచులు. ఊరుకుంటుందా? లేచి ఒక్కోటి పైన సర్దడం మొదలుపెట్టింది. పైగా నవ్వుతూ "థాంక్యూ సర్, థాంక్యూ మేడమ్."

కండక్టర్ నోరెళ్లబెట్టాడు. "అమ్మా, నీకు దండం పెడత, జర నువ్వు గూసో!"

బస్సంతా నవ్వు. నాకైతే కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆమె కూడా నవ్వింది.

ఇంట్లోవాళ్లు నవ్వలేదు. ఆ అలవాటును వాడుకున్నారు. ఏ ఫంక్షనైనా గుమ్మం దగ్గర సుగుణ, ట్రే పట్టుకుని సుగుణ.

ఆ ఏడు విజయకు ఒడిబియ్యం పోశారు.

పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు కదా. ఈ ఇల్లు ఇంకా నీదేనమ్మా అని చెప్పడమే అది.

గాజులు వేయడానికి నన్ను పిలిచారు. పీట మీద విజయ. సుగుణ చేతిలో చాయ్ ట్రే.

"నీకు అలవాటే గదా వదినె, జర అందరికి అందియ్యి" అంది యాదగిరి భార్య ఇందిర.

అందరికీ ఇచ్చింది. ట్రే కింద పెట్టింది. తమ్ముడి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"తమ్మీ, నాకు గూడ రెండు దోసిళ్లు పొయ్యరాదుర."



యాదగిరి పెళ్లాం వైపు చూశాడు.

"లగ్గం గానోళ్లకు ఒడిబియ్యమేంది వదినె? నలుగురు నవ్వరా?" అంది ఇందిర.

ఆ లగ్గం కాకుండా చేసిందెవరు? నా నోటి దాకా వచ్చింది. తమ్ముడే అంటాడేమోనని చూశాను. తల దించుకుని బియ్యం కలుపుతున్నాడు.

సుగుణ నవ్వింది. ప్యాసెంజర్ తిట్టినా నవ్వాలని నేర్పిస్తారట, ఆ నవ్వు. ట్రే మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఇంకెవరికన్న చాయ్ గావాల్నా?"

తర్వాత కొద్దిరోజులకే నార్కట్‌పల్లిలో హైవే పక్కన గది తీసుకుంది. లారీల చప్పుడుకు మంచిగ నిద్ర పడుతుందని అందరికీ చెప్పింది. అందరూ నమ్మారు. వాళ్లకు అదే మేలాయె.

నేను ఊరుకోలేక అన్నాను. "మా ఇంటికి రావే, నేను పోస్త నీ ఒడిల."

"నువ్వు పోస్తే కడుపు నిండుతదే రజియా. పుట్టిల్లు రాదు" అంది.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

నిన్న ఆమెను ఆ ఇంటికే తెచ్చారు. వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. అందరికంటే గట్టిగా ఏడ్చింది ఇందిర. "మా వదినె దేవత" అంట!

పాడె మీదికి లేపే ముందు, నోట్లో బియ్యం వేయమన్నారు పెద్దమనుషులు.

యాదగిరి ముందుకొచ్చాడు. పిడికిలి తెరిచాడు.

యాదగిరీ, ఈ పోస్టు నువ్వు చదువుతావని తెలుసు. చదువు.

బతికుండగా ఒడిలో పోయమంటే కుదరదన్న బియ్యం, నిన్న అక్క నోట్లో పోశావు. అప్పుడు నలుగురూ అక్కడే ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు.

పోయిరావే సుగుణా.

నీ దేవుడో, నా అల్లానో, ఎవరి దగ్గరికి పోయినా నీ మనసుకు నెమ్మది దొరకాలి.

అక్కడ ఏ బెల్ మోగినా లేవకు. కూచో.