వానకు ఉబ్బిన తలుపు

మొన్న మా ఫ్లాటులో స్నానాలగది తలుపు మార్చాల్సి వచ్చి, ఏలూరులోనే ఒక దుకాణానికి వెళ్ళాను. దుకాణాయన ఒక తలుపును వేలితో టకటకా కొట్టి చూపిస్తూ, "ఇది చెట్టు నుంచి వచ్చింది కాదండి మేడమ్. ఎంత వానొచ్చినా ఉబ్బదు" అన్నాడు. ఆ ఒక్క మాటకే కొనేశాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని, చెట్టు కాని తలుపు కొనడమేమిటని మా ఆయన నవ్వారు. ఉబ్బిన తలుపు వెనకాల కూర్చుంటే ఆయనకూ తెలిసేది.

కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో ఇల్లు కట్టించినప్పుడు, తలుపుల కోసం నాన్నగారు మా కాలవ గట్టు మీది వేపచెట్టును కొట్టించారు. మా ఊరి ముసలి వడ్రంగి ఆ మొదలు దగ్గర గొంతుక్కూర్చుని, నన్ను పిలిచి వలయాలు చూపించాడు. చెట్టు ఏటా బెరడు కిందే కొత్త కర్ర పోసుకుంటుందని, లోపలి పాత కర్ర పనులన్నీ మానుకుని చేవదేరుతుందని, వేళ్ళు తాగిన నీళ్ళు పైకెక్కేది బయటి తెల్లకర్రలోంచేనని నాకు మొదట చెప్పింది ఆయనే. కాలేజీలో తర్వాత నేర్చుకున్నవి వాటి పెద్ద పేర్లు మాత్రమే. "కాలవ నీళ్ళు తాగి గబగబా లావెక్కేసిందండి ఇది. చేవ తక్కువ, తెలుపెక్కువ. రెండు వేసవులు నీడన ఆరనివ్వండి మాస్టారూ" అన్నాడాయన. నాన్నగారు మిషను స్కూల్లో మాస్టారు. చెప్పడమే గాని వినడం అలవాటు లేదు. పైగా గృహప్రతిష్ఠ ప్రార్థనకు ఏలూరు నుంచి పాస్టరుగారు తేదీ ఇచ్చేశారు. పాస్టరుగారి తేదీ ఆగదు గనక కర్రే తొందరపడాలి. తాడేపల్లిగూడెం మిల్లులో పచ్చిదాన్నే కోయించుకొచ్చి తలుపులు బిగించేశారు.

వేసవికి నా గది తలుపు ఆరి కుంచించుకుపోయింది. ద్వారబంధానికీ దానికీ మధ్య బల్లి దర్జాగా వచ్చిపోయేంత సందు. "వానలొస్తే అదే సర్దుకుంటదండి, ముట్టుకోకండి" అని వడ్రంగి మొత్తుకున్నా వినకుండా, నాన్నగారు ఆ అంచుకు స్వయంగా ఒక చెక్కబద్ద కొట్టి, రంగు వేసి, రోజుకోసారి చూసి మురిసిపోయేవారు.

ఆగస్టులో ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ మొహమే లేదు. అయిదో రోజు ఏలూరు కాలేజీలో నేను చేరడానికి ఆఖరి రోజు. సాయంత్రంలోగా సర్టిఫికెట్లు ఇవ్వకపోతే నా సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఏడింటి బస్సుకని ఆరింటికల్లా తయారై, పెట్టె పట్టుకుని తలుపు లాగాను. రాలేదు. రెండు చేతులా లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. కిటికీలోంచి దూకుదామంటే, దొంగల భయంతో నాన్నగారు దానికి పెట్టించిన ఊచలు సబ్‌జైలుకు కూడా ఉండవు.

నాన్నగారు బయటి నుంచి తోశారు. అరచేత్తో, పడుకున్నవాళ్ళను లేపినట్టు.

"గట్టిగా తోయండి నాన్నగారూ!"

"పగిలిపోద్దమ్మా, కొత్త తలుపు. ప్రార్థన చేసుకో. వాన తగ్గితే అదే వదులవుద్ది."

"ప్రార్థన తర్వాత! ముందు తన్నరా దాన్ని!" అని మామ్మ అరిచింది. మామ్మ అంటే నాన్నగారి అమ్మ. అంతకు ముందేడు మా అమ్మ పోయాక ఇంట్లో మేం ముగ్గురమే.

ఏడింటి బస్సు హారను వినిపించింది, దూరమైంది. పచ్చికర్ర వాసన, తడి సున్నం వాసన, ఊపిరాడని ఉక్క. నాలుగు గోడలూ నా మీదికి జరుగుతున్నట్టే ఉంది. మామ్మ ఊచల్లోంచి ఇడ్లీలు అందిస్తే ఏడుస్తూనే నాలుగు తిన్నాను. నాన్నగారు తలుపు అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాతో నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి, ఆ రోజు ఆగకుండా మాట్లాడారు. చిన్నప్పుడు కొల్లేట్లో దోనె మీద వెళుతూ నేను అమ్మ ఒళ్ళో నిద్రపోయానట. చేపల పులుసులో అమ్మ చింతపండు ఎక్కువేసేదట, ఆయన ఒక్కనాడూ అనలేదట. ఆఖరికి గొంతు తగ్గించి, "వచ్చే ఏడు చేరకూడదేంటమ్మా?" అన్నారు. పెట్టె మీద కూర్చుని, ఇక నా బతుకంతా ఈ గదిలోనేనని నిజంగానే అనుకున్నాను. అంత భయం మళ్ళీ ఎప్పుడూ వేయలేదు.

చివరికి మామ్మే గొడుగేసుకుని వెళ్ళి వడ్రంగిని పిలుచుకొచ్చింది. ఆయన తలుపును ఓసారి తడిమి, కింది మూలన కాలితో ఒక్క తన్ను తన్నాడు. తలుపు కిర్రుమని తెరుచుకుంది. బద్ద ఊడిపడింది గాని తలుపుకు గీతైనా పడలేదు.

"బిగుసుకుంటే కింద మూల తన్నమని మొన్న ముసురు పట్టినప్పుడే చెప్పాను కదండీ మాస్టారూ?" అన్నాడు.

నాన్నగారు నా వైపు చూడలేదు. పెట్టె అందుకుని నాకంటే ముందు వానలోకి దిగారు. తొమ్మిదిన్నర బస్సెక్కించి, "చేరగానే ఉత్తరం రాయి" అన్నారు. సీటు దక్కింది.

నా కోపం మాత్రం చాలా ఏళ్ళు పోలేదు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. పై చదువన్నా, దూరపు ఊళ్ళో ఉద్యోగమన్నా, నేను కోరుకున్న పెళ్ళన్నా ఆ తర్వాత దేనికీ అడ్డు రాలేదు. ఆయన పోయి పదేళ్ళు దాటింది. ఇప్పుడు చూసుకుంటే, నా ఇన్నేళ్ళ కాలంలోంచి నాన్నగారు తన కోసం అట్టేపెట్టుకున్నవి ఆ మూడు గంటలే.